మూత సరిగా బిగించలేదంట

ఇంద్రాణి టీచరుకు హిందీ వచ్చు. బుక్కరాయసముద్రం చెరువుకట్ట మీద పొద్దున్నే నడిచే ఆడవాళ్ళలో ఆమెకు పెద్దరికం తెచ్చింది ఆ హిందీయే. వయసులో లక్ష్మక్క పెద్దది. చొరవలో హేమలతను మించినవాళ్ళు లేరు. అయినా, హిమాలయాల్లో ట్రెక్కింగుకు పోదామని హేమలత తెచ్చిన మాట నిజంగా రైలు టికెట్ల దాకా వచ్చిందంటే, "భాషకేం భయం లేదులే, ఇంద్రాణక్క ఉండాది గదా" అని అందరూ ధైర్యం తెచ్చుకోబట్టే.

హేమలత బ్యాంకులో పని చేస్తుంది. ఎవరో మంచుకొండలు ఎక్కుతున్న వీడియో చూసినప్పటినుంచి ఆమెకు నిద్ర పట్టలేదు. "మోకాళ్ళు బాగుండంగానే పోదాం పాండి. ఆ తర్వాత కుర్చీలో కూచోని టీవీలో చూసుకోవాల్సిందే" అని కట్ట మీద రోజూ పోరింది. మెస్సు కొడుక్కి అప్పగించి తీరిగ్గా ఉన్న లక్ష్మక్క సరేనంది. బట్టలు కుట్టే చౌడేశ్వరి, అందరికన్నా చిన్నది, మొగుణ్ణి ఒప్పించుకుని వచ్చింది. ఇంకో నలుగురు కలిశారు. మొత్తం ఎనిమిది మంది గుంతకల్లులో ఢిల్లీ రైలెక్కారు.

రైల్లోనే ఇంద్రాణి పెద్దరికం మొదలైంది. బోగీ చివర ఎవరో అమ్మాయి కొళాయి వదిలేసి పళ్ళు తోముకుంటుంటే, ఇంద్రాణి లేచి వెళ్ళి కట్టేసింది. ఆ అమ్మాయికి హిందీలో చిన్న క్లాసు కూడా పీకింది. తిరిగొచ్చి, బెళుగుప్ప పక్కన తమ పల్లెలో వాళ్ళమ్మ సుంకమ్మ ఎండిన బావిలోకి దిగి, అడుగున ఊరిన నీళ్ళను చెంబుతో గీరి గీరి కడవ నింపిన సంగతి చెప్పింది. ఆ కథ అందరూ విన్నదే. బడిలో ఆమె ఎదుట చేతులు కడుక్కోవడానికి తోటి టీచర్లే జంకుతారు.

"అక్కా, మేం ఆడికిపోయి నీళ్ళు తాగొచ్చునా, కూడదా?" అంది చౌడేశ్వరి. అందరూ నవ్వారు. ఇంద్రాణీ నవ్వింది.

రోడ్డు ఆగిపోయే ఊళ్ళో వాళ్ళ కోసం గైడు నేగి ఎదురుచూస్తున్నాడు. వయసులో చిన్నవాడే కానీ మాట కరుకు. అతని వెంట వంటమనిషి, సామాన్లు మోసే కూలీలు కొందరు ఉన్నారు. వాళ్ళలో దర్బాన్ సింగ్ అనే అతను వంట సామానూ నీళ్ళ డబ్బాలూ మోసేవాడు. ముప్పై దాటినవాడు, పొట్టిగా గట్టిగా ఉండేవాడు, నుదుటికి పట్టీ తగిలించి బరువంతా వీపు మీద వేసుకుని నడిచేవాడు. ఇంద్రాణి హిందీ టీచరని తెలిసిన క్షణంనుంచి ఆమెను 'మాస్టర్నీజీ' అనడం మొదలుపెట్టాడు. అతని కూతురు మూడో తరగతట. ఆ పిల్ల చదువు గురించి ఇంద్రాణి అడిగితే, బరువు దించకుండానే నిలబడి చెప్పాడు.

"మీ వైపు మంచు పడదా, మాస్టర్నీజీ?"

"మంచా? వానే పడదు. మాది కరువు సీమ."

"ఈ ఏడు మాకూ అంతే. చలికాలమంతా మంచే పడలేదు. పై క్యాంపు పక్కన ఎప్పుడూ పారే వాగు ఎండిపోయింది. చాలా కిందనున్న ఊట నుంచి మోసుకు రావాలి."

"నీళ్ళ కష్టం మాకు చెప్పాలా! నువ్వేం దిగులు పడొద్దు. మావాళ్ళను నేను చూసుకుంటా" అంది ఇంద్రాణి. దర్బాన్ ముఖం విప్పారింది. ఆ మాట పట్టుకెళ్ళి తోటివాళ్ళకు కూడా చెప్పాడు.

పై క్యాంపు చెట్లన్నీ దాటిన తర్వాత ఒక బోసి గట్టు మీద ఉంది. ఎదురుగా తెల్లటి శిఖరాలు. కాలి కింద మాత్రం ఎండిన గడ్డి, రాళ్ళు, దుమ్ము. "ఓయమ్మ, మన బెళుగుప్ప మాదిరే ఉండాదే!" అంది లక్ష్మక్క. నేగి అందర్నీ కూర్చోబెట్టి షరతులు చెప్పాడు. ఇక్కడ నీళ్ళు తాగడానికీ వంటకీ మాత్రమే. ముఖాలు తడి కాగితాలతో తుడుచుకోవాలి. దొడ్డికి వెళ్తే గుంటలో మన్ను పోయాలి, అంతే. ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే దాచకుండా తనకు చెప్పాలి.

ఇంద్రాణి తెలుగులో చెప్పేటప్పుడు నీళ్ళ మాటకు రెండింతలు కారం పూసి చెప్పింది. ఒంట్లో బాగా లేకపోవడం గురించి చెప్పనే లేదు, మర్చిపోయింది. మర్నాడు పొద్దున చౌడేశ్వరి చిన్న గ్లాసుడు నీళ్ళతో ముఖం కడుక్కుంటుంటే అందరి ముందూ పట్టుకుంది. "మనిషివేనా నువ్వు? ఆ నీళ్ళు ఎవరి వీపు మీద వచ్చినాయో తెలుసునా?" చౌడేశ్వరి తడిముఖంతోనే నిలబడిపోయింది. దూరంనుంచి చూసిన దర్బాన్‌కు భాష అర్థం కాలేదు కానీ సంగతి అర్థమైంది. ఇంద్రాణి వైపు చూసి తల వంచాడు.

ఆ మధ్యాహ్నం, ఎత్తు అలవాటు కావడానికని నేగి అందర్నీ పై గుట్ట దాకా నడిపించుకెళ్ళాడు. ఇంద్రాణి వెళ్ళలేదు. రాత్రి తిన్న రాజ్మా పడలేదో, ఎత్తు పడలేదో, కడుపులో తిప్పుతోంది. తలనొప్పి అని మాత్రం చెప్పి డేరాలో పడుకుంది. దర్బాన్ పొద్దున్నే ఊటనుంచి నీళ్ళు తెచ్చి పెట్టి, మిగతా కూలీలతో కలిసి గ్యాసు సిలిండరు కోసం కింది క్యాంపుకు పోయాడు. వంటమనిషి తన డేరాలో కునుకు తీస్తున్నాడు.

ఆమెకు మెలకువ వచ్చేసరికి కడుపు మెలితిప్పుతోంది. స్లీపింగ్ బ్యాగు జిప్పు లాగింది. జిప్పు ఇరుక్కుంది. పైకి లాగింది, కిందికి లాగింది. అది ఊడి వచ్చేసరికే ఆలస్యమైపోయింది.

కాసేపు ఆమె కదల్లేదు. యాభై దాటిన మనిషి. బడిలో వెయ్యి మంది పిల్లలను ఒక్క చూపుతో నిలబెట్టే మనిషి. డేరా నిండా కమ్ముకుంటున్న వాసనలో, పసిపిల్ల మాదిరి, ఎవరైనా వస్తారేమోనని చెవులు రిక్కించి కూర్చుంది. ఈ డేరాలో తనతో పాటు హేమలత పడుకుంటుంది. ఇంకో గంటకో రెండు గంటలకో వచ్చేస్తుంది.

సంచిలో తడి కాగితాల కట్ట ఉంది. దాంతో తుడుచుకోవచ్చు. కానీ బుద్ధి తెలిసిన దగ్గర్నుంచీ ఆమెకు శుభ్రమంటే నీళ్ళే. తువ్వాలు చుట్టుకుని వంటడేరా వెనక్కి వెళ్ళింది. రెండు డబ్బాల్లో ఒకటి పొద్దుటి వంటకే ఖాళీ అయింది. నీలం డబ్బా నిండుగా ఉంది. ఒక్క మగ్గు చాలనుకుంది. ఒక్క మగ్గుకు ఏమీ కాలేదు. ఇంకొకటి ముంచుకుంది. బట్టలు తడిపింది. తడిపాక పిండక తప్పలేదు, పిండాక మళ్ళీ జాడించక తప్పలేదు. స్లీపింగ్ బ్యాగు లోపలి గుడ్డ మిగిలింది. నీళ్ళు చురకత్తుల్లా ఉన్నాయి. వేళ్ళు మొద్దుబారిపోయాయి. అయినా ఆమె చెయ్యి ఆగలేదు. చివరికి డబ్బానే డేరా వెనక్కి ఈడ్చుకెళ్ళి వంపుకుంది.

తడిబట్టలను బండల చాటున ఆరేసి, ఖాళీ డబ్బాను తెచ్చి దాని చోట పెట్టింది. పెట్టి, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చింది. డబ్బాను పక్కకు పడేసింది. మూతను సగం తిప్పి వదిలేసింది.

ఈ పని చేసేటప్పుడు ఆమెకు కడుపునొప్పి లేదు, కంగారు లేదు. తల తేటగా ఉంది. తర్వాత తనకు తాను ఎన్ని సమాధానాలు చెప్పుకోబోయినా, ప్రతిసారీ ఆ మూత దగ్గరికి వచ్చి ఆగిపోయేది.

ఆడవాళ్ళు పెదాలు పగిలి, సీసాలు ఖాళీ చేసుకుని దిగి వచ్చారు. "బిరబిరా టీ పెట్టమని చెప్పు ఇంద్రాణక్కా, గొంతు పిడచకట్టుకొని పోతాండాది" అంటూ హేమలత కూలబడింది. వంటడేరా దగ్గర నేగి అరుపు వినిపించింది. అప్పుడే సిలిండరు మోసుకుని దర్బాన్ వచ్చాడు. నేగి అతని చెయ్యి పట్టుకుని డబ్బా దగ్గరికి తీసుకుపోయాడు.

"మూత బిగించడం కూడా చేతకాదా నీకు? ఎనిమిది మంది ఆడవాళ్ళు నా మీద నమ్మకంతో వచ్చారు. రేపు కనుమ ఎక్కాలి. వాళ్ళకేం తాగిస్తాను, నీ చెమటా?"

దర్బాన్ వంగి డబ్బాను చూశాడు. డబ్బా కింద నేలను చేత్తో తడిమాడు. నేల పొడిగా ఉంది. తలెత్తి చుట్టూ చూశాడు. ఇంద్రాణి డేరా వెనక మన్ను నల్లగా తడిసి ఉంది. అతని చూపు అక్కడ ఒక్క క్షణం ఆగింది. అది ఇంద్రాణి చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

"తప్పు నాదే సాబ్. తొందరలో సరిగా చూడలేదు."

"ఏమంటాండాడు? ఏమైందంట?" అంది హేమలత. అందరూ ఇంద్రాణి ముఖంలోకి చూస్తున్నారు. ఆమె చెబితేనే వాళ్ళకు తెలుస్తుంది. ఇంకెవరికీ హిందీ రాదు.

"నీళ్ళు పారిపోయినాయంట" అంది ఇంద్రాణి. "ఆయన మూత సరిగా బిగించలేదంట."

"అయ్యో, అంత చేతగాని మనిషా!" అంది లక్ష్మక్క. "ఇంత కొండకు మోసుకొచ్చి మూత పెట్టకుంటే ఎట్లప్పా?"

దర్బాన్ ఖాళీ డబ్బాలు వీపుకు కట్టుకుని మళ్ళీ దిగిపోయాడు. పొద్దు వాలుతోంది. అతను కనుమరుగైన కాసేపటికే మబ్బు కమ్మి వడగళ్ళు పడ్డాయి. ఆడవాళ్ళు డేరాల్లో దూరి నవ్వులాటగా వడగళ్ళు ఏరుకుని నోట్లో వేసుకున్నారు. ఇంద్రాణి డేరా తలుపు సందులోంచి కిందికి చూస్తూనే ఉంది. అతను వచ్చేటప్పుడు కుంటుతున్నాడు. మోకాలు, మోచేయి దోక్కుపోయాయి. ఒక డబ్బానే నిండుగా ఉంది, రెండోది పగిలింది. తడిరాళ్ళ మీద జారిపడ్డాడట. నేగి ఆ మోకాలికి మందు రాస్తూ కూడా తిడుతూనే ఉన్నాడు.

ఆ నీళ్ళతో టీ వచ్చింది. ఇంద్రాణి వద్దనుకుంది. గ్లాసు చేతికొచ్చాక తాగింది.

మర్నాడు కనుమ ఎక్కారు. దర్బాన్ మోకాలు వాచి క్యాంపులోనే ఉండిపోయాడు. పైన హేమలత సంచిలోంచి గుడ్డ బ్యానరు తీసింది, చౌడేశ్వరి కుట్టినది. 'బుక్కరాయసముద్రం మహిళలు' అని పెద్ద అక్షరాలు. ఇంద్రాణిని మధ్యలో నిలబెట్టారు. "నవ్వక్కా, ఎందుకట్ల మొగం మాడ్చుకుంటావు?" అన్నారు. ఆమె నవ్వింది. ఆ ఫోటో ఇప్పటికీ హేమలత ఇంటి గోడ మీద ఉంది.

దిగివచ్చాక నేగి వంటమనిషితో అంటున్న మాట ఆమె చెవిన పడింది. "దర్బాన్‌కు ఈ గ్రూపుతో సరి. కొండ మీద నీళ్ళ దగ్గర ఏమరుపాటుగా ఉండేవాడు నాకొద్దు."

దర్బాన్ ఒక బండ మీద కూర్చుని మోకాలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు. ఇంద్రాణి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఆ నీళ్ళు... నేనే."

"తెలుసు మాస్టర్నీజీ." తల ఎత్తలేదు. "డబ్బా కింద నేల తడవలేదు గదా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పమంటారు? బండల చాటున ఆరేసిన బట్టలు కూడా చూశాను. అందరి ముందూ అనే మాటేనా అది? మా అమ్మ మంచాన పడ్డప్పుడు అన్నీ నేనే కడిగాను. ఒంటికి వచ్చే కష్టం ఎవరికైనా వస్తుంది." గుడ్డ ముడి వేశాడు. "మీరు ఎవరికీ చెప్పకండి. నాకింకో గ్రూపులో పని దొరక్కపోదు. మీరు వాళ్ళ పెద్ద. వాళ్ళముందు మీ మాట పోకూడదు."

అప్పుడు ఇంద్రాణికి హాయిగా అనిపించింది. నిజంగా అనిపించింది. ఛాతీ మీదనుంచి బండ దిగినట్టు, అడుగులు తేలికపడి, ఆ సాయంత్రం చపాతీలు ఆకలిగా తిన్నది. అతని కూతురికి ఏం పంపాలా అని కూడా ఆలోచించింది. నిఘంటువు పంపుదాం, మంచిది. ఆ ఆలోచన మధ్యలో ఉన్నట్టుండి తన ముఖం తనకే కనబడినట్టయింది. మాయమాటతో అతని పని పోగొట్టి, అతని నోటితోనే 'ఫరవాలేదు' అనిపించుకుని, పైనుంచి పుస్తకం దానం చెయ్యబోతోంది. నోట్లో చపాతీ గడ్డి మాదిరి అయిపోయింది.

అయినా ఆ రోజు చెప్పలేదు. ఆ తర్వాతి రోజు నడకంతా చెప్పలేదు.

రోడ్డు దగ్గరి ఊళ్ళో ఆఖరి భోజనం పెట్టారు. భోజనాలయ్యాక అందరూ గుండ్రంగా కూర్చున్నారు. మా వాళ్ళ పని ఎలా ఉందో చెప్పండని నేగి అడిగాడు. హేమలత లేచి చేతులు జోడించింది. "శానా బాగా చూసుకున్నారు. వంట బాగుండె. ఆ నీళ్ళు పారబోసినాయన తప్ప అందరూ బంగారట్ల మనుషులని చెప్పక్కా."

ఇంద్రాణి లేచింది. హేమలత మాటను హిందీలో పెట్టడానికి నోరు తెరిచింది. ఎదురుగా, చివర్న, దర్బాన్ కాలు చాపుకుని కూర్చున్నాడు. ఆమె ఏం చెబుతుందోనని కాదు, చెప్పకుండా ఉంటుందనే నమ్మకంతో నేల చూస్తున్నాడు.

ఆమె హిందీలో చెప్పింది. తనకు ఆరోగ్యం చెడిందని, నీళ్ళన్నీ తానే వాడానని, దర్బాన్‌కు ఏ సంబంధమూ లేదని. హిందీలో మాటలు తేలిగ్గానే వచ్చాయి. పుస్తకంలోంచి తీసుకున్నట్టు, ఇస్త్రీ మడత నలగకుండా వచ్చాయి. నేగి నిటారుగా కూర్చున్నాడు.

"ఏం చెప్పినావు? అంత సేపు చెప్తివి?" అంది లక్ష్మక్క.

ఇప్పుడు తెలుగులో చెప్పాలి. తెలుగులో ఆరోగ్యం చెడిందంటే వీళ్ళకు చాలదు. ఈ ఆడవాళ్ళు ఊరు చేరాక రోజూ పొద్దున కట్ట మీద తన పక్కన నడవాల్సినవాళ్ళు. ఆమె కూర్చుని, ఒడిలో చేతులు పెట్టుకుని చెప్పింది.

"మీరు గుట్టకు పోయినారే, ఆ పొద్దు నాకు పడకలోనే అయిపోయింది. బట్టల్లోనే. ఆ నీళ్ళన్నీ పోసి నేనే కడుక్కున్నా. కడుక్కోని, డబ్బా పడేసి, మూత నేనే తిప్పినా. ఆయన బిగించలేదని మీతో చెప్పింది కూడా నేనే. ఆయన మోకాలు నా వల్లే పోయింది."

వంటమనిషి గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఒక్కటే. హేమలత జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"ఓసి నీ..." అని లక్ష్మక్క ఆగి, కళ్ళు తుడుచుకుంది. "నాతో ఒక్క మాట చెప్పింటే ఏమ్మే? మెస్సు నడిపినదాన్ని, నేను కడగని గలీజు ఉండాదా? నీళ్ళు లేకుండా కూడా కడిగిందును."

చౌడేశ్వరి లేచి నిలబడింది. "గ్లాసుడు నీళ్ళు మొగాన చల్లుకుంటే నన్ను మనిషివేనా అంటివే అక్కా. అందరి ముందర." చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయింది.

నేగి కోపం ఇంద్రాణి మీదికి రాలేదు, దర్బాన్ మీదికి పోయింది. నాతో అబద్ధమెందుకు చెప్పావని గద్దించాడు. వానలో, చీకటి పడే వేళ, కాలు విరిగుంటే ఇంటివాళ్ళకు నేనేం చెప్పేవాణ్ణని అడిగాడు. చాలాసేపటికి చల్లబడి, మోకాలు మానగానే రమ్మన్నాడు. ఇంద్రాణితో మాత్రం ఒకటే మాట అన్నాడు. "నాకు చెప్పి ఉంటే వేరే ఏర్పాటు చేసేవాణ్ణి మేడం. రోగం దాచొద్దని మొదటే చెప్పాను. మీరే కదా వాళ్ళకు తర్జుమా చేసింది."

దర్బాన్ సంతోషించలేదు. అతని ముఖం ఎర్రబడింది. ఆమె గుట్టు తాను కాపాడాననుకున్నాడు. ఆమే అందరి ముందూ విప్పేసేసరికి, సిగ్గంతా తనదే అయినట్టు తల వంచుకుని కుంటుకుంటూ లేచిపోయాడు. జీపు బయల్దేరేటప్పుడు ఆమె అతని కోసం వెతికింది. కనబడలేదు.

రైల్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. కానీ ఆమె బాత్రూముకు లేచినప్పుడల్లా మాటలు ఆగిపోయేవి. ఊరు చేరాక ఇంద్రాణి కొన్నాళ్ళు కట్ట మీదికే పోలేదు. లక్ష్మక్క ఇంటికొచ్చి, చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. చౌడేశ్వరి కూడా వస్తోంది, నడుస్తోంది, అడిగితే మాట్లాడుతోంది. 'అక్కా' అనడం మాత్రం మానేసింది. "టీచరమ్మా" అంటుంది.

వేసవి సెలవులయ్యాక నేగి దగ్గర నంబరు తీసుకుని, ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంద్రాణి దర్బాన్ ఇంటికి ఫోను చేసింది. అతని భార్య ఎత్తింది. ఎవరని అడిగి, అనంతపురం నుంచి టీచరునని చెప్పగానే గొంతు మారిపోయింది.

"మాస్టర్నీజీ! మీ గురించి చెబుతూనే ఉంటాడు. మా పాప చదువు అంత శ్రద్ధగా అడిగారట. ఈ రోజు గ్రూపుతో పైకి పోయాడు. మోకాలు బాగానే ఉంది. ఏం చెప్పమంటారు, ఏదో అజాగ్రత్తగా నడిచి తడిరాయి మీద జారాడట. తనదే తప్పంటాడు."

ఇంద్రాణి గోడకు ఆనుకుంది. అవునని, జాగ్రత్తగా ఉండమని చెప్పి పెట్టేయొచ్చు. అవతల ఆవిడ ఎంతో మర్యాదగా, ఇంకా ఏమైనా అంటుందేమోనని కాచుకుని ఉంది.

"కాదమ్మా" అంది ఇంద్రాణి. "తప్పు ఆయనది కాదు. మీకు వినే తీరిక ఉందా?"

"ఉంది, చెప్పండి" అంది ఆవిడ, అర్థం కాక.

ఇంద్రాణి స్లీపింగ్ బ్యాగు జిప్పు దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పింది.